భోజనంలో మితం: ఎవరికి చెప్పిన మాట?



ఒళ్లు పెరిగిన మనిషిని చూస్తే “నోరు కట్టుకోలేడు” అనేస్తాం. భోజనంలో మితం పాటించమన్నారు కదా అని బుద్ధుణ్ణి కూడా సాక్ష్యానికి తెస్తాం. ఆ మాట ఆయన ఎవరితో అన్నారో చూడండి. కోసల రాజు పసేనదితో. ద్రోణెడు బియ్యం వండించుకుని తిని, ఆయాసపడుతూ వచ్చి కూర్చున్నాడాయన. రోజూ భోజనం వేళ ఆ మాట గుర్తుచేయడానికి ఒక యువకుణ్ణి పెట్టుకున్నాడు, రోజుకు వంద కహాపణాలిచ్చి! క్రమంగా నాళికెడు బియ్యానికి దిగి తేలికపడ్డాడు. అదే బుద్ధుడు ఆళవిలో, తప్పిపోయిన ఎద్దును వెతికి ఆకలితో వచ్చిన పేద రైతుకు ముందు అన్నం పెట్టించి, తర్వాతే ధమ్మం చెప్పారు.

మన తాతలు ఆ రైతు వైపువాళ్లు. జొన్న గటక, రాగి సంగటి, అంబలి. వరన్నం పండక్కో, దొరింటి పెళ్లిలో మిగిలితేనో. అందుకే 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక, ఇంట్లో రోజూ తెల్లన్నం ఉడకడం మనకు పరువైంది. ఆ పరువును తక్కువ చేయకండి. సంగటి తింటామని మనల్ని నవ్వినవాళ్లే ఇప్పుడు కొర్రలు, అరికెలు ఖరీదుపెట్టి కొంటూ “మీ పాత తిండే మంచిది” అంటుంటే నాకైతే ఒళ్లు మండుతుంది.

కానీ పని మారింది. అప్పుడు తిన్నది దుక్కిలో, కోతలో కరిగిపోయేది. ఇప్పుడు ఆటో సీటు, కుట్టుమిషను, ఆఫీసు కుర్చీ. పాలిష్ పట్టిన బియ్యం మాత్రం మూడు పూటలా కంచం నిండా, పప్పూ ఆకుకూరా పక్కన చెంచాడు. ఖర్చుకాని శక్తి నడుము చుట్టూ కొవ్వుగా చేరుతుంది. మన దేశంలో నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు డాక్టర్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అధిక బరువున్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది.

మన ఇళ్లల్లో చివర తినేదెవరు? అమ్మ. అప్పటికి కూర అయిపోతుంది, ముక్కలు మగవాళ్ల కంచాల్లో పడిపోతాయి, అన్నం మిగులుతుంది. పారబొయ్యడానికి ఆమెకు చేతులు రావు, ఆకలి చూసిన మనిషి. అది తృష్ణ ఎలా అవుతుంది? ఆమెకు మితం బోధిస్తే, పసేనదికి చెప్పిన మాట ఆళవి రైతుకు చెప్పినట్టే.

బియ్యం కొలిచి పొయ్యండి. ఆదివారం విహారంలో వందన అయ్యాక పెట్టే భోజనాల్లోనే మొదలుపెట్టవచ్చు: పప్పు, కూర ముందు వడ్డించి అన్నం తర్వాత పెట్టండి. అందరూ ఒకే బంతిలో కూర్చోండి, వండిన ఆడవాళ్లతో సహా.