ఉగ్గుగిన్నెడు బాకీ

హైదరాబాద్‌లో మా గల్లీలోకి అప్పుడప్పుడు గాడిద పాలు అమ్మేవాళ్లు వస్తారు. పొద్దున్నే, స్కూలు బస్సుల కంటే ముందు. ఒక తల్లి గాడిద, దాని వెనకాల చెవులు తప్ప ఇంకేమీ ఎదగనట్టుండే పిల్ల. ఎవరైనా పిలిస్తే పిల్లను తల్లి దగ్గరికి వదులుతారు. అది రెండు గుక్కలు తాగిందో లేదో, మెడకున్న తాడు పట్టి పక్కకు లాగుతారు. అప్పటికి పొదుగు చేపుకొస్తుంది. ఆ పాలు చిన్న గిన్నెలోకి పిండుతారు. పిల్ల కళ్లముందు లేకపోతే గాడిద సరిగా చేపదు. అంటే దొంగతనం జరిగేటప్పుడు సొంతదారు పక్కనే నిలబడి ఉండాలన్నమాట.

ఆ పాలు పడితే పసిపిల్లలకు దగ్గు, ఆయాసం రావని నమ్మకం. డాక్టర్లు ఒప్పుకోరు. పచ్చిపాలు పసివాళ్లకు పట్టొద్దంటారు. అయినా గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. నాకూ పట్టారట. బయట కొన్నవి కావు, మా ఇంటి గాడిదవే. మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, ఆ మాట ఎప్పుడు చెప్పినా చివర ఒక ముక్క కలిపేది: "ఉగ్గుగిన్నెడు తాగినవురా. ఆ పూట పిల్లకు పస్తే."

మేం చాకలోళ్లం. కల్వకుర్తి దిక్కు, దుందుభి వాగుకు దగ్గర్లో మా ఊరు. ఊరి మైలబట్టల మూటలు రేవుకు మోయడానికి ఇంట్లో మూడు గాడిదలు ఉండేవి. నాకు పదేళ్లప్పుడు వాటిలో ఒకటి ఈని, నాలుగో రోజు సాయంత్రం కడుపుబ్బి చచ్చిపోయింది. పిల్ల దాని పక్కనే నిలబడి, చల్లబడుతున్న పొదుగును మూతితో పొడుస్తూనే ఉంది. అమ్మానాయిన ఆ ఏడు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని మహారాష్ట్రలో కాలువ పనికి పోయారు. ఇంట్లో అవ్వ, నేను.

పశువుల దవాఖాన కాంపౌండరు వచ్చి చూసి, "నాలుగు దినాలు తల్లిపాలు తాగింది గదా, బతికే నసీబుంది" అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. మనిషి బిడ్డకు రోగాలతో పోరాడే శక్తి కొంత తల్లి కడుపులోనే అందుతుంది. గుర్రం పిల్లకు, గాడిద పిల్లకు కడుపులో అది దాదాపు అందదు. ఈనాక వచ్చే ముర్రుపాలలోనే ఉంటుంది. అదీ మొదటి రోజు లోపలే తాగాలి. తర్వాత పేగు ఆ తలుపు మూసేస్తుంది. మా పిల్ల ఆ తలుపు మూసుకోకముందే తాగింది. మిగిలిన బతుకంతా మా చేతుల్లో పడింది.

మొదటి రెండు రోజులు మేం చేసింది తప్పే. బర్రె పాలు చిక్కగా ఉంటాయి, బలమని పట్టాం. పిల్లకు పారుడు పట్టుకుంది, తోకంతా తడిసిపోయింది. బర్రె పాలలో వెన్న 7 శాతం దాకా ఉంటుంది. గాడిద పాలలో 1 శాతం కూడా ఉండడం కష్టం, తీపి మాత్రం ఎక్కువ. తీపిలో అవి మనిషి పాలకు దగ్గరగా ఉంటాయి. 1880లలో పారిస్‌లోని ఒక అనాథ శిశువుల ఆసుపత్రిలో నర్సులు జబ్బు పిల్లలను గాడిదల పొదుగు కింద పట్టుకుని నేరుగా పాలు తాగించేవాళ్లు. తల్లి లేని మనిషి పిల్లను గాడిద సాదిన చరిత్ర ఉంది. మాకు అదేమీ తెలియదు. తెలిసింది ఒక్కటే, బర్రె పాలు పనికిరావని.

కాంపౌండరు చెప్పినట్టు గొల్లోళ్ల ఇంటి నుంచి మేకపాలు తెచ్చి, కాచి చల్లార్చిన నీళ్లు కలిపి, గ్లూకోజు పొడి వేశాం. చక్కెర వద్దన్నాడు, ఆ వయసు పిల్లకు అది అరగదట. సీసాకు పాలపీక తగిలించి గోరువెచ్చగా పట్టాలి. పగలు రెండు గంటలకోసారి, రాత్రి కూడా దాదాపు అంతే. తల్లి దగ్గరుంటే గంటకు ఎన్నోసార్లు తాగే పిల్ల అది, కొద్దికొద్దిగా. ఒకేసారి కడుపునిండా పడితే మళ్లీ మొదటికొస్తుంది. మా మేనమామ సాయం వచ్చి, ఎడ్లకు గొట్టంతో మందు పోసినట్టు దాని తల పైకెత్తబోయాడు. అవ్వ ఆయన చేతి మీద కొట్టింది. "తల లేపకురా, ఊపిరిలకు పోతది. అది నిలబడి, మెడ చాపి తాగాలె." తను వంగి, సీసాను తన తొడ పక్కన, తల్లి పొదుగు ఉండే ఎత్తులో పట్టింది. పిల్ల మెడ కిందికి చాపి, మూతి పైకి తిప్పి పీక అందుకుంది. ఆ వంపు దానికి ఎవరూ నేర్పలేదు. మనమే దానికి తగ్గట్టు వంగాలి.

నేను బడి నుంచి వచ్చి మధ్యాహ్నం, సాయంత్రం వంతులు తీసుకునేవాణ్ని. నెల తిరిగేసరికి అది నా అడుగుల చప్పుడుకే పరిగెత్తుకొచ్చేది. ముందరి కాళ్లు రెండూ నా భుజాల మీద వేయడం నేర్పాను. ఊరి పిల్లలంతా చూడడానికి వచ్చేవాళ్లు. బడిలో ఎవరైనా "గాడిద కొడకా" అన్నా ఆ రోజుల్లో నాకు కోపం రాలేదు. మూడో నెలలో పాలు ఆలస్యమైన ఒక రోజు అది వెనక్కి తిరిగి నా మోకాలు మీద తన్నింది. తన్నింది నా మీద పగతో కాదు. నన్ను అది ఇంకో గాడిద అనుకుంది, అంతే. చిన్నప్పుడు ముద్దుగా ఉన్న ఆట పెద్దయ్యాక ఎముకలు విరగ్గొడుతుంది. మనిషే తన జాతి అనుకుని పెరిగింది మనిషికీ పనికిరాదు, తన మందకూ పనికిరాదు.

ఆ రాత్రే అవ్వ సీసా అటక మీద పెట్టేసింది. మర్నాటి నుంచి పాలు వెడల్పాటి సత్తు గిన్నెలో పోసి, గాడిదలు కట్టే చోట నేలమీద పెట్టి, గోడ చాటుకు పోయి నిలబడేది. నన్నూ పక్కకు లాగేది. పిల్ల చాలాసేపు అరిచింది. గిన్నె చుట్టూ తిరిగింది. మూతి పెట్టి తుమ్మింది. చివరికి తాగింది. మిగిలిన రెండు గాడిదలు మొదట తన్నినా వారం రోజుల్లో దాన్ని పక్కన నిలబడనిచ్చాయి. నాకు ఏడుపొచ్చింది. అన్ని రాత్రులు మేలుకుని పట్టిన పాలు, ఇప్పుడు నేలలోంచి వచ్చాయనుకుంటుందని.

"అనుకోనీ" అంది అవ్వ. "దానం జేసినోడు నిలబడి జూసుకుంటడు. మనది దానమా? నువ్వు తాగిన గిన్నెడు ఇచ్చుకుంటున్నం. బాకీ గట్టెటోనికి నిలబడి జూసే పనేముంది?"

ఆ మాట నాకు చాలా కాలం కొరుకుడు పడలేదు. సాదడమంటే మనం దయ అనుకుంటాం. దయకు ఎదురుచూపు ఉంటుంది. తోక ఊపాలి, గుర్తుపట్టాలి, మన చేతినే నాకాలి. బాకీ అనుకుంటే చెయ్యి తేలికవుతుంది. తీర్చాం, తప్పుకున్నాం. అయితే తప్పుకోవడం అన్నిసార్లూ కుదరదు. 2023 మార్చిలో మాకు కృష్ణ అవతల, నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు పులి పిల్లలు తల్లికి దూరమై దొరికాయి. అటవీ సిబ్బంది వాటిని కాపాడుతూనే ముందు తల్లికోసం అడవంతా వెతికారు, కలపాలని చూశారు. కుదరలేదు. పిల్లలు తిరుపతి జూకు పోయాయి. మనిషి చేతి నుంచి అడవికి దారి ఎంత ఇరుకో ఆ వెతుకులాటే చెప్పింది.

గాడిద పిల్లను సాదిన ఆ ఏడు ఉగాదికి అమ్మ వచ్చింది. నల్లబడి, చేతులు కాయలు కాసి, నాకు కొత్త చొక్కా తెచ్చింది. నేను అవ్వ కొంగు వదల్లేదు. ఆరు నెలల్లో నాకు అన్నం కలిపిపెట్టిన చెయ్యి అవ్వదే. అవ్వ నన్ను పొమ్మనలేదు, తిట్టలేదు. కొంగు విడిపించుకుని, రేవుకు పోయే పని లేని పండగనాడు మూట కట్టుకుని వాగుకు పోయింది. పొద్దుగూకేదాకా రాలేదు. ఆకలై నేను అమ్మ కలిపిన ముద్ద తిన్నాను. చీకట్లో తిరిగొచ్చిన అవ్వ, గడప దగ్గర ఆగి, మా ఇద్దర్నీ చూసి, చప్పుడు చేయకుండా గాడిదల దిక్కు పోయింది. పాలమూరులో ఇలా మనవలను సాది, తల్లుల ఒళ్లోకి జారవిడిచి, గోడ చాటుకు పోయిన అవ్వలు ఎంతమందో. వాళ్లు ఏ బాకీ తీర్చారో మనం అడగలేదు.

ఇప్పుడు ఊళ్లో గాడిదలు లేవు. 2012లో దేశం మొత్తం మీద 3.2 లక్షలుంటే 2019 పశుగణన నాటికి 1.2 లక్షలే మిగిలాయి. మూటలు మోపెడ్ మీద పోతున్నాయి, చాలా ఇళ్లలో మూటలే లేవు.

మొన్న గల్లీలోకి గాడిద వచ్చినప్పుడు కిందికి దిగాను. ఒక గిన్నెడు ధర ఇచ్చి, పాలు పిండొద్దు, పిల్లను విడువు అన్నాను. అమ్మేవాడు నన్ను కిందా మీదా చూసి, డబ్బులు జేబులో పెట్టుకుని తాడు వదిలాడు. పిల్ల మెడ కిందికి చాపి, మూతి పైకి తిప్పింది. అదే వంపు. అది నా వైపు చూడలేదు. నేనూ ఎక్కువసేపు నిలబడలేదు.