పలకని నాయకుడు, ఖాళీ ఆసనం

1998లో వచ్చిన 'హాఫ్ లైఫ్' వీడియో గేమ్‌లో కథానాయకుడు గోర్డన్ ఫ్రీమన్ ఒక్క మాటా మాట్లాడడు. అంతా అతని కళ్ళతోనే చూస్తాం కాబట్టి ఆటలో అతని ముఖం కూడా కనిపించదు. అయినా తోటి శాస్త్రవేత్త చనిపోతే అతను బాధపడ్డాడని ఆడేవాడికి అనిపిస్తుంది. ఆ బాధ ఎవరిది? ఆడేవాడిదేనని తేల్చెయ్యడం తేలిక. మరి గర్భగుడి ముందు నిలబడి 'స్వామి ఇవాళ నవ్వుతున్నాడు' అనుకునే భక్తుడి సంగతేమిటి? రెండూ భ్రమలేనని కొట్టిపారేసేవాళ్ళు ఒక సంగతి వదిలేస్తున్నారు. భావం మనదే కావచ్చు గాని, దాన్ని ఎక్కడ, ఎలా ఉంచాలో నిర్ణయించేది మనమొక్కరమే కాదు.

ఇలా భావాన్ని ఉంచే చోటుకు పాత ఉదాహరణ భట్టిప్రోలు. ఆ ఊరు తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలుదారిలో ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపాన్ని తవ్వించినప్పుడు బ్రాహ్మీ శాసనాలున్న రాతి పేటికలు బయటపడ్డాయి. కుర అనే వ్యక్తీ, అతని తల్లిదండ్రులూ బుద్ధుడి ధాతువుల కోసం పేటిక చేయించిన సంగతి వాటిలో ఒకటి చెబుతుంది. అంతవరకూ ధాతువులు దిబ్బ కడుపులోనే ఉండిపోయాయి. బయట ప్రదక్షిణ చేసేవాడికి ఎదురుగా ముఖం లేదు, చూపు లేదు, పలుకు లేదు. కృష్ణాతీరంలోని అమరావతి శిల్పులు ఈ సంగతిని ఇంకా విప్పి చూపారు. అక్కడి తొలికాలపు పలకల్లో బుద్ధుడు ఉండవలసిన చోట ఖాళీ ఆసనం, పాదముద్రలు కనిపిస్తాయి. చుట్టూ మాత్రం చేతులు జోడించినవాళ్ళు, వంగి మొక్కేవాళ్ళు కిక్కిరిసి ఉంటారు. చూసేవాడు ఆ ఒంపుల నుంచే తన భక్తిని నేర్చుకుంటాడు. ఫ్రీమన్ చుట్టూ ఉన్న పాత్రల కంగారు చేసే పనీ ఇదే. ఆ ఆసనం బుద్ధుడికి బదులు పెట్టినది కాదని, జనం కొలిచిన తీర్థస్థలాన్నే శిల్పులు చెక్కారని 1990లో కళాచరిత్రకారిణి సుసాన్ హంటింగ్టన్ వాదించారు. కొన్ని పలకల విషయంలో ఆవిడ మాటే నెగ్గవచ్చు. అప్పుడు కూడా ఆ రాతి యాత్రికులను చూసే మనం యాత్రికులమవుతున్నాం.

అసలు బరువైన ఆక్షేపణ వేదాంతం నుంచి వస్తుంది. ఒకదాని ధర్మాన్ని మరొకదాని మీద మోపడమే అధ్యాస అని, అనర్థమంతా దానివల్లేనని శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే అంటారు. అయితే సాలగ్రామంలో విష్ణువును భావించడాన్ని ఉపాసనకు ఉదాహరణగా చూపిందీ ఆయనే. తాడులో పామును చూసినవాడికి అది తాడని తెలియదు, తెలిసిన క్షణాన పాము పోతుంది. సాలగ్రామం ముందు కూర్చున్నవాడికి అది రాయని ముందే తెలుసు. ఆ తెలివిడి అతని పూజను చెరపదు. గేమ్ ఆడేవాడికీ బొమ్మ అని తెలిసే గుండె దడదడలాడుతుంది. ఈ పోలికకు బాపట్ల గుడిలో విష్ణువును భావనారాయణ స్వామిగా కొలిచే భక్తులు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కరలేదు కూడా. శ్రీవైష్ణవుల దృష్టిలో గుడిలో పూజలందుకునే అర్చామూర్తి మౌనం లోటు కాదు, సౌలభ్యం. పెట్టినది ఆరగించి, ఎప్పుడు లేపితే అప్పుడు మేల్కొని, భక్తుడి చేతికి ఒదగడం స్వామి తానుగా ఎంచుకున్నదే. ఫ్రీమన్ ఏదీ ఎంచుకోలేదు. ఆ మౌనం ఆటను తయారుచేసినవాళ్ళు పెట్టింది. ఇది చిన్న తేడా కాదు.

ఈ వాదన చెల్లని చోటు కూడా ఉంది. పెళ్ళిచూపుల్లో తల వంచుకు కూర్చున్న అమ్మాయి మౌనాన్ని అర్ధాంగీకారంగా చదివేవాళ్ళు చేసేదీ పైకి ఇలాంటి పనే. చుట్టూ చేరిన బంధువుల నవ్వులు ఆ మౌనానికి అర్థం అంటగడతాయి. కానీ ఆమెకు తనదంటూ ఒక మనసుంది, అడిగితే చెప్పగలదు, ఆ జవాబు వాళ్ళ ఊహను తలకిందులు చెయ్యనూవచ్చు. తాము ఊహిస్తున్నామన్న ఎరుక ఆ బంధువుల్లో ఎవరికీ ఉండదు. అందుకే దాన్ని సాలగ్రామం పక్కన పెట్టలేం, తాడు పక్కనే పెట్టాలి.