నడుముకు పిస్టల్ కట్టుకునే ముందు



పల్నాడులో ఈ ప్రశ్న ఎవరూ సభలో లేచి అడగరు. పంచశీల చెప్పుకోవడం అయ్యాక, అందరూ చెప్పులు వేసుకునే వేళ పక్కకు పిలిచి అడుగుతారు. "నాకు ప్రాణభయం ఉంది. లైసెన్సుకు పెట్టుకుందామనుకుంటున్నా. పెద్దది కాదు, చొక్కా కింద కనపడకుండా ఉండే చిన్న పిస్టల్. ఉపాసకుడు అట్లాంటిది పెట్టుకోవచ్చా?"

"హింస తప్పు" అని ఒక్క ముక్కలో తేల్చి పంపడం తేలిక. అడిగినవారి వెనకున్న చరిత్ర చూడాలి గదా! 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. 1991 ఆగస్టు 6న, అప్పటి మన గుంటూరు జిల్లాలోనే, చుండూరులో ఎనిమిది మందిని చంపారు. 1995 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాల్లో మూడో నియమం సంగతి మనలో చాలామందికి తెలియదు. దాడులు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాల్లో ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులను ప్రభుత్వం రద్దు చేయొచ్చు. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు ఇవ్వొచ్చు. ఆ నియమం ఉండటం న్యాయమేనని నా అభిప్రాయం. బలహీనుడికి తన్ను తాను కాపాడుకునే హక్కు లేదని బుద్ధుడి పేరు పెట్టి చెప్పేవాడు, తెలిసో తెలియకో బలవంతుడి పక్షాన మాట్లాడుతున్నట్టే.

కాబట్టి హక్కు సంగతి పక్కన పెడదాం. రోజూ పొద్దున్నే పిస్టల్ నడుముకు కట్టుకుని బయటికెళ్లే మనిషి లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

మామూలు పౌరుడికి 9 ఎం.ఎం. పిస్టల్ నిషేధం. పాయింట్ 32 బోరు దొరుకుతుంది. ఇక బేరం మొదలవుతుంది. రివాల్వరా, పిస్టలా? బరువెంత? కూర్చున్నప్పుడు గుచ్చుకుంటుందా? చెయ్యి ఎంత త్వరగా అందుతుంది? గుండు ముందే ఎక్కించి ఉంచాలా, అవసరమైనప్పుడు లాగి ఎక్కించుకోవాలా? ఇవన్నీ వస్తువును గురించిన ప్రశ్నల్లాగే ఉంటాయి. అయితే వీటిలో ఏ ఒక్కదానికి జవాబు చెప్పాలన్నా మనసులో ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టుకోవాలి. వాడు ఎంత దూరంలో ఉంటాడు, ఎంతసేపట్లో కాల్చాలి అని లెక్క వేసుకోవాలి. పెద్ద నగరంలో అయితే ఆ మనిషికి ముఖం ఉండదు. మన ఊళ్లల్లో ముఖం ఉంటుంది, ఇంటిపేరు ఉంటుంది, వాడి పిల్లలు మన పిల్లలతో ఒకే బడిలో చదువుతుంటారు.

ప్రాణాతిపాతం జరగడానికి ఐదు అంగాలు ఉండాలని అట్ఠకథలు చెబుతాయి. ప్రాణి ఉండటం, అది ప్రాణి అని తెలియడం, చంపాలన్న తలంపు, ప్రయత్నం, చావు. పిస్టల్ కట్టుకున్నవాడు ఎవరినీ చంపలేదు, శీలం తప్పలేదు. నిజమే. కానీ మూడో అంగాన్ని రోజూ నీళ్లుపోసి పెంచుతున్నాడు. బుద్ధుడు కర్మ అన్నది చేతనను గురించే.

"చంపడానికి కాదండీ, భయపెట్టడానికి" అంటారు. చేలో కాపలా గుడిసెలో గోడకు వేలాడే డబుల్ బారెల్ తుపాకి నలుగురికీ కనపడుతుంది, భయపెడుతుందేమో. చొక్కా కింద దాచిన చిన్న పిస్టల్ ఎవరిని భయపెడుతుంది? బయటికి తీసినప్పుడే అది ఉందని తెలుస్తుంది. అప్పటికి ఆలోచించే టైము దాటిపోయి ఉంటుంది. పైగా మన దగ్గర గొడవకు ఒక్కడు రాడు. కర్రలు, రాళ్లు, నాటుబాంబులతో గుంపు వస్తుంది. చేతిలో ఏడెనిమిది గుండ్లు.

ఇంట్లో సంగతి కూడా ఆలోచించండి. పత్తి, మిర్చి పోయి అప్పు మీద పడిన ఏడాది పురుగుమందు డబ్బా ఎన్ని ఇళ్లను ముంచిందో పల్నాడు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బీరువాలో ఉన్న పిస్టల్ శత్రువు కోసమే ఎదురుచూస్తుందని ఎవరు హామీ ఇస్తారు? మందు అలవాటున్న ఇల్లయితే ఇక చెప్పేదేముంది.

ఆయుధం మన నేలకు కొత్త కాదు. బౌద్ధం వెలిగిన నాగార్జునకొండలోనే యుద్ధంలో పోయినవారికి ఛాయాస్తంభాలు నిలిపారు. కారంపూడి వీరుల తిరునాళ్లలో నేటికీ ఆయుధాలకు పూజ చేస్తారు. అదే ఐదు రోజుల్లో మందపోరు నాడు కులభేదం లేని చాపకూడును తలుచుకుంటారు. రెండూ మనవే. భిక్షువుల పాతిమొక్ఖంలో ఒక చిన్న నియమం ఉంది. జబ్బు లేనివాడు చేతిలో ఆయుధం పట్టుకుని ఉంటే అతనికి ధమ్మం బోధించకూడదు. అది అతన్ని వెలివేయడం కాదనుకుంటాను. చెయ్యి ఆయుధం మీద ఉన్నంతసేపు చెవి వినదు, అంతే.

ఆయుధం దించితే క్షేమం గ్యారంటీ అని ధమ్మం మాట ఇవ్వదు. అంగులిమాలుడు ఆయుధం పారేసి భిక్షువయ్యాక కూడా శ్రావస్తి వీధుల్లో దెబ్బలు తిని, తల పగిలి, రక్తంతో తిరిగొచ్చాడు. బుద్ధుడు ఓర్చుకోమన్నాడు. కానీ అంగులిమాలుడు చేసిన హత్యలు మీరు చేయలేదు. మీరు ఊరికే ఓర్చుకోవాలని నేను అనను. బెదిరింపు వస్తే కాగితం మీద పెట్టండి, ఎస్పీ దాకా వెళ్లండి, అట్రాసిటీ చట్టం వాడండి.

చివరిగా ఒక లెక్క. ఎన్నికల కోడ్ వస్తే లైసెన్సు తుపాకులను స్టేషన్‌లో అప్పగించమంటారు. 2024 మే 13 పోలింగ్ నాడు, ఆ తర్వాత పల్నాడులో ఏం జరిగిందో, 144 సెక్షన్ ఎందుకు పెట్టారో మీకు గుర్తుంది. అంటే మనకు భయం ఎక్కువగా ఉండే రోజుల్లోనే పిస్టల్ మన దగ్గర ఉండదు. అందుకని దరఖాస్తు నింపే ముందు వేరే కాగితం ఒకటి తీసుకోండి. అట్లాంటి రాత్రి ఫోను చేస్తే వచ్చి మీ గుమ్మంలో కూర్చునే నలుగురి పేర్లు రాయండి. అందులో ఒక్క పేరైనా మీ కులం కానివారిది ఉందేమో చూడండి. పేర్లు తట్టకపోతే కాగితం ఖాళీగానే తీసుకుని వచ్చే పౌర్ణమి సభకు రండి. ముందు ఆ పని కలిసి చేద్దాం.