మరక కనిపించిన చోటు

తెలియక చేసిన అపకారమునకు మనుష్యుడు ఎంతవరకు బాధ్యుడు? ఇది వేదాంతగోష్ఠులలో పెద్దలు చర్చించు ప్రశ్న. మాకు మాత్రము ఒక పాత కారు క్రింద, గచ్చుమీద పడిన చమురు మరకవలన ఎదురైనది. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, ముప్పదియైదేండ్లు గుమాస్తాగిరి చేసి విశ్రాంతి తీసికొన్నవారము. అయినను చిట్టాలో తప్పు బయటపడు పుట వేరు, తప్పు జరిగిన పుట వేరు అని ప్రతి సంవత్సరాంతమునందును చూచిన వృత్తి మాది. ఆ ఎరుక మాకు అక్కఱకు వచ్చి యుండవలసిన రోజున రాలేదు. ఆ సంగతియే ఇచ్చట చెప్పదలచినాము.

మా కుటుంబము నాలుగు తరములుగా బరంపురమున ఉన్నది. 1996లో మా ఇంట 1978 నాటి మార్క్ 3 అంబాసిడరు ఉండెను. మా అన్నగారు కొన్నాళ్లు వాడుకొని మాకు విడిచిన బండి. అంబాసిడరనగా ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డునకు మన దేశపు రూపము. కలకత్తా చెంతనున్న ఉత్తరపాడాలో అర్ధశతాబ్దమునకు పైగా తయారై 2014 మే నెలలో నిలిచిపోయినది. ఆ దినములలో మా ఊరిలో పెండ్లికైనను, ఆసుపత్రికైనను, గోపాల్‌పూర్ సముద్రతీరమునకైనను అదియే వాహనము. చమురు కారని అంబాసిడరు కనబడినచో అందులో చమురే లేదని తెలిసికొనవలెనని డ్రైవర్లు నవ్వులాడుచుండిరి.

ఇంజను ఆయిలు మార్పించి తెచ్చిన మూడవనాటి ఉదయమున గచ్చుమీద అరచేతియంత నల్లని మరక కనబడెను. వంగి చూడగా ఇంజను అడుగుననుండు సంపు డ్రెయిను బోల్టు కొసను ఒక చమురు బొట్టు వ్రేలాడుచుండెను. ఆ బోల్టును విప్పి పాత ఆయిలు దించి, తిరిగి బిగించినది షెడ్డులోని పదునెనిమిదేండ్ల ఒడియా కుఱ్ఱవాడు. అంతకంటె సాక్ష్యమేమి కావలెను? మా ఇంటిలో ఒకరు “వీళ్ల పనంతా ఇంతే” అనిరి. వీళ్లనగా షెడ్డు పనివారా, కుఱ్ఱకారా, ఒడియావారా అని ఎవరును అడుగలేదు. మేమును అడుగలేదు.

షెడ్డునకు పోయి నలుగురు ఖాతాదారుల యెదుట గట్టిగా మాటలాడితిమి. కుఱ్ఱవాడు మాతో తెలుగులోనే, “బాబుగారూ, నేను బిగించాను. వాషరు కూడా కొత్తదే వేశాను” అనెను. మిస్త్రీ వాని ముఖము చూచెను, మా ముఖము చూచెను. మేము పాత ఖాతాదారులము. ఆ సాయంకాలమే వానిని పనినుండి తీసివేసినట్లు మరునాడు తెలిసినది. మనస్సునకు కొంత ఇబ్బంది కలిగిన మాట నిజము. న్యాయమే జరిగినదని తోచిన మాటయు నిజము.

బోల్టును మరల బిగించిరి. మరక తిరిగి పడెను. వాషరు మార్చిరి. మరల పడెను. నాలుగవనాడు మిస్త్రీ తానే కారు క్రింద పరుండి, బయటికి వచ్చి, చేతులు తుడుచుకొనుచు, “బోల్టు కాదు బాబుగారూ. పైనించి వస్తోంది” అనెను.

కారుచున్నదానిని వెదకుటకొక క్రమము కలదు. అది మాకు ఆ తరువాతి వారమునందే తెలిసినది. మొదట కారుచున్నది ఏ ద్రవమో తేల్చుకొనవలెను. అందుకై రాత్రి బండి క్రింద పాత వార్తాపత్రికలు పరచి, చక్రములున్న తావులు సుద్దతో గుర్తించవలెను. గోధుమవన్నెగాగాని నల్లగాగాని ఉండి జిడ్డుగా నున్నచో ఇంజను ఆయిలు. చిక్కగా నుండి గంధకపు కంపు కొట్టినచో స్టీరింగు పెట్టెలోని గేరు ఆయిలు. పచ్చగా, తీయని వాసనతో నుండి, ఆరినచోట పొడివలె గట్టిపడినచో రేడియేటరు నీటిలో కలుపు మందు. దానిని నాలుకపై వేసి చూడరాదు. తీపిగానే యుండు విషమది. బ్రేకు ఆయిలు తేటగా నుండి, పడినచోట రంగును లేపివేయును. పెట్రోలు మరక నిలువదు, వాసన మాత్రము నిలుచును. చాల కార్ల నీటి పంపునకు అడుగున చిన్న రంధ్రముండును. లోపలి సీలు అరిగినపుడు నీరు బేరింగులోనికి పోక బయటికి వచ్చి కనబడుటకే దానిని పెట్టుదురు. తెలియనివారు దానినే దోషమనుకొని మూయుదురు. తన జబ్బును తానే చెప్పుకొను భాగము యంత్రములో ఇదియొక్కటియే కాబోలునని మాకు అనిపించినది.

ద్రవమును తేల్చిన పిమ్మట దారిని వెదకవలెను. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. చమురు పుట్టినచోట నిలువదు. ఇంజను ప్రక్కలను, నట్లను, అంచులను పట్టుకొని దిగి, అన్నింటికంటె పల్లముగా నున్న తావున బొట్టు కట్టును. ముందరి ఫ్యాను విసరు గాలి దానిని వెనుకకు తోయును. కావున తడి ఎక్కువగానున్న తావును గాక, తడి ఎగసియున్న మీది కొసను, ముందరి కొసను చూడవలెను. పాత జిడ్డుమీద క్రొత్త జాడ తెలియదు. అందువలన ఇంజను చల్లారిన పిమ్మట కిరసనాయిలుతోను కుంచెతోను దానినంతయు కడిగి, తుడిచి, బాగుగా ఆరనిచ్చి, అనుమానమున్న కీళ్లమీద ముఖమునకు రాచుకొను పౌడరును పలుచగా చల్లి, కొంతసేపు ఇంజను నడుపవలెను. తెల్లని పొడిమీద మొదటి నల్లని గీత యెక్కడ మొదలగునో అది చోటు. నేడు ఆయిలులో రంగుమందు కలిపి, ఊదాకాంతి దీపముతో వెదకుచున్నారు. పని తేలికయైనది గాని క్రమము అదియే.

మా బండిలో ఆ గీత బోల్టునకు చాలయెత్తున, ఇంజను నెత్తిమీది టాపెట్ కవరు క్రింద, వెనుకమూలను మొదలయ్యెను. అచ్చటి కార్కు ప్యాకింగు ఎండి బిరుసెక్కి యుండెను. చమురు ఇంజను వెనుకప్రక్కగా దిగి, సంపు అంచు పట్టుకొని పోయి, బోల్టు కొసను బొట్టుగా వ్రేలాడుచుండెను. కుఱ్ఱవాడు వేసిన వాషరు చెక్కుచెదరలేదు.

కథ అంతటితో ముగిసినను మాకు కొంత మేలుగా నుండెడిది. క్రొత్త ప్యాకింగు వేసినను పది దినములలో మరల చెమ్మ కనబడెను. ఈసారి మిస్త్రీ బ్రీదరు గొట్టము విప్పి చూపెను. పిస్టను రింగులను దాటి కొంత వాయువు ఇంజను క్రిందిభాగమునకు దిగుట సహజము. అది ఆ గొట్టముగుండ బయటికి పోవలెను. గొట్టము మూసికొనిపోయినచో లోపల ఒత్తిడి పెరిగి, ఎచ్చట బలహీనముగా నున్నదో అచ్చటనుండి చమురును వెలికి నెట్టును. మా గొట్టమునిండ నల్లని మడ్డి గట్టిపడియున్నది. ఆ మడ్డి ఎట్లు చేరినదనగా, నెలజీతగాండ్రము కనుక ఆయిలు మార్పును ఒక నెల, రెండు నెలలు, ఆరు నెలలు వాయిదా వేయుచు వచ్చినవారము మేమే. ఇంజను పూర్తిగా వేడెక్కకమునుపే ఆపివేయు చిన్న చిన్న ప్రయాణములు చేసినవారమును మేమే. బోల్టునుండి ప్యాకింగునకు, ప్యాకింగునుండి గొట్టమునకు, గొట్టమునుండి మా ఇంటి జమాఖర్చు పుస్తకమునకు ఆ జాడ నడిచి వచ్చినది.

మా బాల్యమున సంస్కృతపు మాస్టారొకరు, ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము పేరు చెప్పి, కొండమీది పొగనుబట్టి నిప్పును ఊహించు ఉదాహరణమును బోధించుచుండిరి. పొగయున్నచోట నిప్పుండును. కాని నిప్పున్నచోటనెల్ల పొగయుండునని అనరాదు, తడికట్టె తోడైననే పొగ వచ్చునని తరువాతి మెట్టు. మాకు ఆ రెండవ మెట్టు నోటికి వచ్చును. అయినను బొట్టు వ్రేలాడిన తావే తప్పు జరిగిన తావని తీర్పు చెప్పితిమి.

తెలియక అంటిమిగదా, దోషమేమని మిత్రులొకరు మమ్ము ఓదార్చిరి. ఆ మాట ఆలోచించినకొలది మాకు నిలువలేదు. చమురు దారి మాకు తెలియకపోవుట తప్పు కాదు. తెలిసికొనుటకు ఒక రాత్రి, నాలుగు పాత పత్రికలు, కొంచెము కిరసనాయిలు చాలును. మిస్త్రీని అడిగిన అతడే ఆ మాట చెప్పి యుండెడివాడు. మేము అడుగలేదు. ఏలన, నిందితుడు చిన్నవాడు. ఆ బోల్టును మిస్త్రీ స్వయముగా బిగించి యుండినచో, “కొంచెం చూడండి, ఎక్కడో కారుతున్నట్టుంది” అని మర్యాదగా పలికి యుందుము. పెద్దవానియెడల సాక్ష్యము కోరి, చిన్నవానియెడల మరకతో సరిపెట్టుకొంటిమి. దీనిని అజ్ఞానమనుటకు మాకు నోరు రాదు.

బ్రేకు ఆయిలు కారుచున్నపుడు పరిశోధన ముగియువరకు కూర్చుందుమా అని ఎవరైన అడుగవచ్చును. కూర్చుండరాదు, తక్షణమే బండిని ఆపవలసినదే. కాని బండిని ఆపుటకు దోషి పేరు అక్కఱలేదు. ఆ రెండును ఒకటియే యన్నట్లు తొందరపడుట మనుష్యులకు అలవాటు.

ఇంకొక మాట మనవారితో అనవలసియున్నది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, మద్రాసు రాజధానిలోని గంజాం ప్రాంతములో అధికభాగము అందు చేరినపుడు, ఇల్లు కదలకయే మా పెద్దలు అల్పసంఖ్యాకులైరి. తప్పు ఎవరిదో తేలకమునుపే భాషనుబట్టి వ్రేలు చూపబడుట యెట్లుండునో మా తాతగారి మాటలలో వినియున్నాము. విన్న మా ఇంటిలోనే “వీళ్లు” అను మాట అంత తేలికగా వచ్చినది.

నిజము తేలిన మరునాడు షెడ్డునకు పోతిమి. కుఱ్ఱవాడు తన ఊరివారితో సూరతు మగ్గములకు వెళ్లిపోయెనట. గంజాం జిల్లానుండి అచ్చటికి వలసపోవుట అప్పటికే వాడుక. మేము మిస్త్రీతో, పొరపాటు మాదేనని చెప్పితిమి. అతడు పానాను మూలను పెట్టి, “నాతో అంటే ఏం లాభం బాబుగారూ. అప్పుడు నలుగురిలో అన్నారు కదా” అనెను.

ఆ ఆదివారము ఉదయము, షెడ్డులో ఖాతాదారులు చేరు వేళకు పోయి, నలుగురి యెదుట ఆ మాట చెప్పితిమి. వారు ఆనాటి నలుగురు కారు. వారిలో ఒకరు “ఏ కుర్రాడండీ?” అని అడిగిరి. వాని పేరు మాకు తెలియదు. మిస్త్రీ చెప్పెను.