రిపోర్టులో కనబడని కర్త

ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కలవాలని భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం చెబుతుంది: అధిష్ఠానం (పనికి ఆధారమైన చోటు), కర్త, కరణం (పనిముట్టు), చేష్ట, దైవం. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో సైబర్ కేసులు వాదిస్తుంటాను. ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు చేతికొచ్చినప్పుడల్లా ఈ ఐదింటినీ అందులో వెతుక్కుంటాను.

రిపోర్టు తయారయ్యే తీరు మీద నాకు గౌరవం ఉంది. సీజ్ చేసిన హార్డ్‌డిస్క్‌ను నేరుగా తెరవరు. అందులో కొత్తగా ఏదీ పడకుండా రైట్ బ్లాకర్ తగిలించి మిర్రర్ ఇమేజ్ తీస్తారు, ఆ డేటాకు వేలిముద్రలాంటి హ్యాష్ వాల్యూ కడతారు. ఎస్‌హెచ్‌ఏ-256 అయితే 64 అక్షరాల వరస. ఫైల్లో ఒక్క కామా మారినా ఆ వరసే మారిపోతుంది. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో ఆ వాల్యూ రాయాలి. మనిషి సాక్షి భయపడతాడు, మరిచిపోతాడు, అడ్డం తిరుగుతాడు. రిపోర్టు అనే ఈ సాక్షికి అవేవీ లేవు.

కానీ ఆ రిపోర్టు చెప్పేది ఎంత? ఏ ఫోను, ఏ లాగిన్, ఏ నిమిషం. అధిష్ఠానం, కరణం, చేష్ట దొరికాయి. కర్త దొరకలేదు.

2022 జనవరిలో మహేశ్ బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా కొట్టేశారు. ఉద్యోగులకొచ్చిన ఫిషింగ్ మెయిళ్ల దారిలో మాల్‌వేర్ లోపలికి దూరిందని పోలీసులు చెప్పారు. క్లిక్ చేసిన వేలు బ్యాంకు మనిషిది. దోచాలన్న సంకల్పం ఇంకెవరిదో. వరవరరావు నిందితుడిగా ఉన్న భీమా కోరెగావ్ కేసు ఇంకా బాధపెడుతుంది. సహనిందితుడు రోనా విల్సన్ లాప్‌టాప్‌లోకి మాల్‌వేర్‌తో ఫైళ్లు చొప్పించారని అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో నివేదిక ఇచ్చింది. ఎన్‌ఐఏ దాన్ని ఒప్పుకోలేదు. అది కోర్టు తేల్చాల్సిన సంగతి. నాకు నిద్రపట్టనివ్వనిది మరొకటి: ఫైలును ఎవరు పెట్టినా సరే, డిస్క్ సీజ్ అయ్యాక దాని హ్యాష్ మాత్రం తప్పు లేకుండా సరిపోతుంది.

నా ఆఫీసున్న గన్‌ఫౌండ్రీలో పద్దెనిమిదో శతాబ్దం చివర ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోత పోయించాడు. ఫిరంగి ఎక్కడ తయారైందో దాన్ని చూసి చెప్పొచ్చు. నిప్పు పెట్టిన చెయ్యి ఎవరిదో దాన్నడిగితే ఏం లాభం?

తానొక్కడే కర్తననుకునేవాడు సరిగా చూడలేడని గీతలోని ఆ అధ్యాయమే అంటుంది. దొరికిన ఒక్కణ్ణే కర్తగా నిలబెట్టే ప్రాసిక్యూషన్‌కూ ఆ మాట వర్తిస్తుందని నా నమ్మకం. కరణాన్ని చూపించి మనిషికి శిక్ష వేయడం అధర్మం.

జూనియర్లకు నా మనవి. ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు వచ్చిందనగానే నేరం ఒప్పుకోమని క్లయింటుకు చెప్పకండి. ఆ రోజు ఆ ఫోను ఎవరి చేతిలో ఉందో చెప్పగలిగే మనిషిని ముందు వెతకండి.