జెయింట్ రోబో: జడం, చేతనం, జ్ఞాపకం

‘జెయింట్ రోబో’ జపాన్‌లోని తోయీ సంస్థ తీసిన పిల్లల ధారావాహిక. మిత్సుతెరు యొకొయామా కల్పించిన కథ ఇది. 1967 అక్టోబరు నుంచి 1968 ఏప్రిల్ దాకా అక్కడ 26 భాగాలుగా వచ్చింది. ఇంగ్లీషులోకి మారినప్పుడు కథలోని కుర్రాడు దైసాకు కాస్తా జానీ సొక్కో అయ్యాడు. 1980లలో దూరదర్శన్ దీన్ని ‘జెయింట్ రోబోట్’ పేరుతో ప్రసారం చేసింది. నిజానికి ఇది గీసిన బొమ్మల కార్టూన్ కాదు. రోబో వేషం తొడుక్కున్న మనిషి, అట్టతో కట్టిన మేడలు, తీగలకు వేలాడే విమానాలు ఇందులో కనిపిస్తాయి. అయినా ఆ తరం తెలుగు పిల్లల్లో చాలామందికి జపాను మహాకాయ రోబోలతో పరిచయం దీనితోనే మొదలైంది.

ఇప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్న మచ్చ బొల్లారం ఆ రోజుల్లో రంగారెడ్డి జిల్లాలో ఉండేది. ఒక పక్క బొల్లారం కంటోన్మెంటు, మరో పక్క అల్వాల్. అలాంటి హైదరాబాద్ శివారు ఊళ్లలో టీవీ ఉన్న ఇంటికి ఇరుగుపొరుగు పిల్లలంతా చేరేవారు. ఒకరు డాబా ఎక్కి యాంటెనా తిప్పుతుంటే, కింద కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లు ‘ఆగు, వచ్చింది’ అని కేకేసేవారు. హైదరాబాద్‌లోనే ఈసీఐఎల్ తయారుచేసిన ‘ఈసీ టీవీ’ నాటి పెట్టెల్లో పేరున్నది. ఆ కేంద్ర ప్రభుత్వ సంస్థ పుట్టిందీ 1967లోనే. జరజరమనే చుక్కల మధ్య, ఈజిప్టు శిల్పంలాంటి తలతో ఒక ఇనుప మనిషి లేచి నిలబడేవాడు. కుర్రాడు చేతి గడియారంలోకి మాట్లాడితే ఆ మాట వినేవాడు.

ఆ పిల్లలకు ఇప్పుడు యాభై ఏళ్లు అటూ ఇటూ. కథలో చాలా భాగం మరిచిపోయినవాళ్లకు కూడా చివరి భాగం గుర్తుంటుంది. శత్రువు గిలటీన్ చక్రవర్తి ఒళ్లంతా అణుశక్తి. అతన్ని భూమి మీద చంపితే భూమే పేలిపోతుంది. శక్తి ఉడిగి పడిపోయిన రోబో, ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే లేస్తుంది. గిలటీన్‌ను పట్టుకుని ఆకాశంలోకి ఎగురుతుంది. జానీ వెనక్కి రమ్మని ఎంత వేడుకున్నా వినదు. అంతరిక్షంలో ఒక ఉల్కను ఢీకొని, శత్రువుతో పాటు తానూ నాశనమవుతుంది. ఇక్కడొక తాత్త్విక ప్రశ్న ఉంది. ప్రాణం లేని వస్తువు చేసినది త్యాగమవుతుందా? దాని కోసం పిల్లలు కార్చిన కన్నీరు సత్యాన్ని తాకిందా, భ్రమలోనే ఆగిపోయిందా? దశాబ్దాల తరవాత ఆ జ్ఞాపకం మీద ఉండే మమకారం విలువ కూడా ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు ఆజ్ఞ సంగతి చూడాలి. యొకొయామా 1956లో మొదలుపెట్టిన ‘తెత్సుజిన్ 28’ మహాకాయ రోబో కథలకు ఆద్యం. 1963లో అది టీవీ కార్టూన్‌గా వచ్చింది. కథ ప్రకారం తెత్సుజిన్ యుద్ధకాలంలో జపాను సైన్యం కోసం తలపెట్టిన ఆయుధం. దాన్ని నడిపే పెట్టె ఎవరి చేతిలో ఉంటే వారి మాట వింటుంది. మంచివాడి చేతిలో మంచిది, దొంగ చేతిలో చెడ్డది. దానికి స్వధర్మం లేదు. 1972లో గో నగాయ్ ‘మాజింగర్ జడ్’ వచ్చేసరికి కుర్రాడు రోబో తలలోకి ఎక్కి కూర్చున్నాడు. అక్కడ రోబో వాహనం, ధర్మాధర్మాల భారమంతా నడిపేవాడిది. జెయింట్ రోబో ఈ రెండింటికీ భిన్నం. అది తొలిసారి విన్న గొంతుకే కట్టుబడుతుంది. భారతంలో అస్త్రాలు కూడా మంత్రానికి కట్టుబడినవే. అశ్వత్థామ ప్రయోగించిన బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని అతడే ఉపసంహరించలేకపోయాడు, అర్జునుడు ఉపసంహరించగలిగాడు. అక్కడ కూడా అస్త్రానికి సొంత నిర్ణయం లేదు, తేడా అంతా ప్రయోగించినవాడి నిష్ఠలోనే. రామాయణంలో పుష్పకం మరో మెట్టు పైన ఉంది. రాముడు దాన్ని కుబేరుడి దగ్గరికి పంపేస్తే, ఉత్తరకాండలో అది తిరిగివచ్చి, నిన్నే సేవించమని కుబేరుడు పంపాడని నోరు తెరిచి చెబుతుంది. విశ్వకర్మ చేసిన విమానం మాట్లాడటం తెలుగు శ్రోతలకు ఏనాడూ వింతగా తోచలేదు. అయితే పుష్పకం కూడా పంపినవాడి మాట మీదే వచ్చింది. ఆజ్ఞను దాటి, యజమాని మేలు కోసమే యజమాని మాట కాదన్నది జెయింట్ రోబో.

దీన్ని అర్థం చేసుకోవడానికి సాంఖ్యం చాలా దగ్గరి దారి చూపిస్తుంది. సాంఖ్యంలో ప్రకృతి అచేతనం. అయినా అది చేసేదంతా పురుషుడి, అంటే చేతన తత్త్వం, కోసమే, తనకోసం ఏమీ చేసుకోదు. తెలివి లేనిది మరొకరి ప్రయోజనం కోసం ఎలా పనిచేస్తుందని అడిగితే, ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక ఆవు పాలను ఉదాహరణగా ఇస్తుంది. పాలకు తెలివి లేదు, అయినా దూడ పెరగడం కోసం అవి స్రవిస్తాయి. పని ముగిశాక ప్రకృతి పురుషుడి కంటికి మళ్లీ కనపడకుండా తప్పుకుంటుందని కూడా అదే గ్రంథం అంటుంది. జెయింట్ రోబో చివరి పయనానికి ఇంతకన్నా సరిపోయే వర్ణన మరో దర్శనంలో దొరకదు. ఈ లెక్కన త్యాగానికి చైతన్యం అవసరం లేదు, పరార్థం ఉంటే చాలు.

శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఈ ఉదాహరణనే పట్టుకుని ఎదురు తిరిగారు. పాలు వాటంతటవి స్రవించవు. ఆవుకు దూడ మీద ఉన్న ప్రేమ వాటిని చేపుతుంది, దూడ చీకడం వాటిని లాగుతుంది. ఇటు, అటు చేతనం ఉన్నందువల్లే నడుమనున్న జడం కదిలింది. రోబో విషయంలో ఈ వాదమే బలమైనది. ఆ బరువైన వేషం లోపల, దీపాల వేడికి చెమటోడుస్తూ ఒక మనిషి ఉన్నాడు. రోబో వెనుతిరగకూడదని నిర్ణయించిన రచయితలు ఉన్నారు. జానీగా నటించిన పిల్లవాడు ఉన్నాడు. ఇటువైపు, ఎక్కడో మచ్చ బొల్లారంలో ఊపిరి బిగబట్టి చూస్తున్న పిల్లలు ఉన్నారు. తెర మీది ఇనుములో కనిపించిన కరుణ లేనిదాని మీద పిల్లలు పులిమినది కాదు. అది నిజంగానే ఉంది, ఇనుములో కాకుండా దానికి ఈ చివరా ఆ చివరా ఉంది. కన్నీరు చేరవలసిన చోటికే చేరింది.

వస్తువును పూజించే ఆచారం ఈ మాటను మరింత తేటపరుస్తుంది. దసరాకు బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల్లో లేత్ మిషన్లకు పసుపు కుంకుమ పెట్టి బంతిపూల దండలు వేస్తారు, ఆటోల ముందు గుమ్మడికాయ కొడతారు. యంత్రానికి ఆత్మ ఉందని ఎవరూ వాదించరు, అది ఇచ్చిన జీవనానికి దండం పెడతారు. వినాయక చవితికి మట్టి బొమ్మలోకి దేవుణ్ణి ఆవాహన చేసి, పూజలు ముగిశాక ఉద్వాసన చెప్పి చెరువులో కలుపుతారు. బొమ్మ నీట మునిగేటప్పుడు ఏడ్చే పిల్లలు ప్రతి వాడలోనూ ఉంటారు. ఆ ఏడుపుకూ రోబో కోసం ఏడ్చిన ఏడుపుకూ ఒక తేడా ఉంది. వినాయకుణ్ణి భక్తుడే సాగనంపుతాడు, మళ్లీ ఏడు రమ్మని పిలుస్తాడు. రోబో పంపకుండానే వెళ్లింది, మళ్లీ రాదు. నిమజ్జనం నేర్పే ఓదార్పు ఆ పిల్లలకు దొరకలేదు, అందుకే ఆ గాయం అంతకాలం నిలిచింది.

జపానులో ఈ చర్చ వేరే తోవన నడిచింది. గడ్డీ చెట్లూ కూడా బుద్ధత్వం పొందుతాయన్న బోధ అక్కడి తెందాయ్ బౌద్ధంలో బలంగా ఉంది. రోబో నిపుణుడు మసాహిరో మోరీ రోబోలోనూ బుద్ధస్వభావం ఉందని పుస్తకమే రాశాడు. చీబా ప్రాంతపు ఇసుమిలోని కోఫుకుజి ఆలయంలో 2015 నుంచి, పాడైపోయిన ‘ఐబో’ రోబో కుక్కలకు అంత్యక్రియలు జరిపారు. యొకొయామా స్వస్థలమైన కోబే 1995 భూకంపంలో తీవ్రంగా దెబ్బతింది. అక్కడి నగాతా ప్రాంతంలో 2009లో తెత్సుజిన్ 28 నిలువెత్తు విగ్రహాన్ని నిలబెట్టారు. పునర్నిర్మాణానికి గుర్తుగా పిడికిలి చాచి నిలిచిన ఆ విగ్రహానికి పూజలు లేవు. అయినా అది ఆ వాడకు అండగా ఉన్నట్టే చూస్తారు.

ఇక జ్ఞాపకం సంగతి. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన నైయాయికుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో జ్ఞానాన్ని స్మృతి, అనుభవం అని రెండుగా విడదీశాడు. సంస్కారం, అంటే అనుభవం మనసులో మిగిల్చిన ముద్ర, ఒక్కదాని నుంచే పుట్టేది స్మృతి. అది కొత్తగా ఏదీ తెలపదు. అయితే స్మృతికి కూడా ఆయన యథార్థం, అయథార్థం అన్న భేదం చెప్పాడు. యథార్థమైన అనుభవం నుంచి వచ్చిన స్మృతి యథార్థమే. కాబట్టి బాల్యంలో చూసినదాని మీద మమకారం వట్టి మాయ అని కొట్టిపారేయాలంటే, ముందు నాటి అనుభవం మాయ అని తేల్చాలి. రోబోకు ప్రాణం ఉందన్న నమ్మకం మాయే. ఒకరి కోసం మరొకరు పోవడంలోని ఘనత తెలిసిరావడం మాత్రం మాయ కాదు. ఆ జ్ఞాపకంలో ఈ రెండూ కలిసి ఉన్నాయి, విడదీయడం పెద్దయినవాడి పని.

ఆ పని ఎక్కువగా పాత భాగాలను మళ్లీ చూసినప్పుడు జరుగుతుంది. మోకాలి దగ్గర వేషం ముడతలు పడటం, విమానం తీగ వెలుతురులో మెరవడం ఇప్పుడు కంటికి కనిపిస్తాయి. ఎదుట ఉన్నదాన్ని చూడటం, పాత సంస్కారం కలిసి ‘అదే ఇది’ అనిపించే ఈ జ్ఞానాన్ని నైయాయికులు ప్రత్యభిజ్ఞ అన్నారు. ఆనాడు చూసిన దేవదత్తుడే ఈనాటి దేవదత్తుడు అన్న వేదాంతుల ఉదాహరణలో కాలాన్నీ స్థలాన్నీ వదిలేస్తే మిగిలేది వ్యక్తి ఒక్కడే. ఇక్కడ ముడతలూ తీగలూ వదిలేస్తే మిగిలేది ఆ చివరి నిర్ణయం. అది ఇప్పటికీ గుండెను తడుతుంది. పక్కన కూర్చున్న కొడుక్కో కూతురికో రబ్బరు వేషమే కనిపిస్తుంది. అది ఆ పిల్లల లోపం కాదు. సంస్కారం ఎవరిది వారిదే, ఒకరి అనుభవం మరొకరికి స్మృతి కాలేదు.

యోగసూత్రాలు రాసిన పతంజలి మాత్రం హెచ్చరిస్తాడు. సుఖాన్ని వెంబడించి ఉండిపోయే వాంఛను రాగమని, దాన్ని క్లేశాల్లో ఒకటిగా లెక్కపెట్టాడు. ఈ హెచ్చరికను తోసిపుచ్చలేం. ఆ రోజులే రోజులని, ఇప్పటి పిల్లలకు ఏమీ తెలియదని అనుకోవడం మొదలైతే జ్ఞాపకం రాగంగా మారినట్టే. పోయిన బాల్యాన్ని రోబో తిరిగి తెచ్చిపెట్టాలని కోరడం, వెనక్కి రమ్మన్న జానీ అరుపు లాంటిదే. అలాంటి కోరికేదీ లేకుండా, పరుల కోసం నిలబడటం ఎలా ఉంటుందో మొదట ఎక్కడ తెలిసిందని వెనక్కి చూసుకునే జ్ఞాపకాన్ని యోగశాస్త్రం కూడా క్లేశమనదు. అది స్మృతే, పతంజలి చెప్పిన చిత్తవృత్తుల్లో ఒకటి. వృత్తుల్లో క్లేశం లేనివి కూడా ఉంటాయని ఆయనే ఒప్పుకున్నాడు.