వాయనము ఎవరికి?

దానము చేయుట సులభము. ఎవరికి చేయవలెనో గుర్తించుట కష్టము. పండుగ కానుకల విషయమున ఈ మాట మరింత నిజము.

సంక్రాంతి నాటికి ఆర్మూరు పరిసరముల పసుపు చేలలో ఆకు పండి వాలిపోవును. ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో పెరిగిన దుంపను తవ్వు కాలము సమీపించును. చేనిలో ఆ పని మొదలగు వేళకే ఇంట మరియొక పని మొదలగును. నోము నోచు గృహిణి పంచవలసిన వస్తువుల జాబితా సిద్ధము చేసుకొనును. ఒకే రకపు వస్తువులు పదమూడు తెచ్చి, పసుపు కుంకుమలతో ముత్తయిదువులకు ఇచ్చుట తెలంగాణమున పెక్కు ఇండ్ల ఆచారము. స్టీలు గిన్నెలా, ప్లాస్టిక్ బుట్టలా? నిరుడు పొరుగింటివారు ఏమి పంచిరి? ఒక్కొక్కటి ఎంతలో వచ్చును? ఈ ప్రశ్నలతోనే జాబితా నిండును. ఎవరికి ఇవ్వవలెనను ప్రశ్న చివర వచ్చును. ఒక్కొక్కప్పుడు రానే రాదు. నిరుడు వచ్చినవారే ఈ ఏడును వత్తురు గదా!

భగవద్గీత పదునేడవ అధ్యాయము దానమును మూడు విధములుగా విభజించినది. ఇవ్వవలసినదను బుద్ధితో, తిరిగి మేలు చేయలేని వారికి, తగిన చోట, తగిన సమయమున ఇచ్చునది సాత్త్వికము. ప్రతిఫలమాశించియో, మనసు కష్టపెట్టుకొనియో ఇచ్చునది రాజసము. అపాత్రునకు, అనాదరముతో ఇచ్చునది తామసము. అట్లయినచో నేడు ఇచ్చి రేపు పుచ్చుకొను వాయనము ఏ కోవకు చెందును?

వాయనమునందు పుచ్చుకొను స్త్రీని గౌరీదేవిగా భావింతురు. ఇచ్చు చేయి పైదని, పుచ్చుకొను చేయి క్రిందిదని ఎంచుట ఇందు లేదు. ఇచ్చిపుచ్చుకొనుటవలన వాడ కలిసియుండును. ఇది దోషము కాదు. లెక్క ప్రవేశించినప్పుడే దోషము. ఎదుటివారు స్టీలు పంచినారు గనుక తాను తక్కువ పంచరాదని పేదింటి ఇల్లాలు అప్పు చేయును. మరియొక ఇంట, ఎవరో పెట్టిన రవికగుడ్డ మడతయైన విప్పకుండ మరొకరి ఒడికి చేరును. అట్లే ఊరంతయు తిరుగును. కఠోపనిషత్తునందు వాజశ్రవసుడు పాలుడిగిన ముసలి గోవులను దానమిచ్చుచుండగా, కుమారుడైన నచికేతుడు కలతపడెను. తమకు పనికిరానిదానిని వదలించుకొనుటకు దానమను పేరు తగదని ఆ బాలునకు తోచినది.

అంతకన్న పెద్ద లోపము జాబితాలో లేని పేర్లయందున్నది. పసుపు ఈ సీమకు సంపద. 2025 జనవరి 14న, సంక్రాంతి పర్వదినముననే, జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. దుంపను తవ్వి, ఉడుకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టినగాని పసుపు అంగడికి చేరదు. తవ్విన దుంపలకు మట్టి దులిపి వేరుచేయువారిలో పెక్కుమంది కూలి స్త్రీలే. పని నడచినన్నాళ్లు వారి చేతులు పచ్చబడియుండును. బొట్టు పెట్టి పిలువవలసిన వారి వరుసలో మాత్రము వారు సాధారణముగా ఉండరు. వారిలో భర్తను కోల్పోయిన స్త్రీకి ఏ వాకిటినుండియు పిలుపు రాదు. పసుపు పండించిన చేతికి పండుగనాడు చిటికెడు పసుపు కరవగుట ధర్మమేనా?

ఇది పెద్దలు పెట్టిన ఆచారమని కొందరందురు. ముత్తయిదువును గౌరవింపుమనిన పెద్దలు ఇతరులను అవమానింపుమనలేదు. భాగవతమున ద్వారకకు ప్రయాణమైన శ్రీకృష్ణుని ఎదుట నిలిచి స్తుతించినది భర్తను కోల్పోయిన కుంతీదేవి. ప్రయాణ సమయమున ఆమె ఎదురగుట అపశకునమని స్వామి తలపలేదు. ఆ స్తుతిని ఆదరముతో ఆలకించెను. పసుపు కుంకుమలు స్త్రీకి పెండ్లితో వచ్చినవియు కావు; పుట్టినింట పసితనముననే వచ్చినవి. పెండ్లితో రానివి భర్తతో పోవుట ఏమి న్యాయము?

కూలి స్త్రీకి పాతచీర వాకిట ఇచ్చి పంపుట ఈ లోపమునకు పరిహారము కాదు. ఇతరులవలెనే లోనికి పిలిచి, పీట వేసి, అందరికిచ్చిన వస్తువునే ఇవ్వవలెను. ఆమె కొంగున ముడిచి తెచ్చిన నువ్వులో, జొన్నలో ఉన్నచో ప్రీతితో పుచ్చుకొనవలెను. కుచేలుడు సిగ్గుతో దాచుకొన్న అటుకులను శ్రీకృష్ణుడు తానే తీసికొని ఆరగించెను. పేదవాని కానుకను పుచ్చుకొనుటయు అతనికి చేసిన గౌరవమే.

కావున పండుగ జాబితా వ్రాయునపుడు మొదట మనుష్యుల పేర్లు వ్రాయవలెను. పిమ్మట వారికి ఏది అవసరమో, ఏది సంతోషమో తలచవలెను. వస్తువును, వెలను చివర నిర్ణయింపవచ్చును. పదమూడు వస్తువులకు సొమ్ము చాలని ఇల్లాలు చిటికెడు పసుపుతోనే నోము తీర్చుకొనవచ్చును. అందుకు చిన్నబోవలసిన పనిలేదు. పదమూడు కొనగలిగినవారు మాత్రము వానిలో ఒకటియైన, ఇంతవరకు తమ గడప త్రొక్కని స్త్రీకొరకు ఉంచవలెను. ఆమెను పిలుచుటకు ఇంటి ఇల్లాలే స్వయముగా వెళ్లుట యుక్తము.